దూదేకులోళ్ళ గిటారు

మమ్మల్ని మీరేం పని చేస్తారని ఎవరూ అడగరు. మీరెవరని అడుగుతారు. ఆఫీసులో గుమాస్తా అడుగుతాడు. ఇల్లు అద్దెకిచ్చే మనిషి అడుగుతాడు. పెళ్ళి బంతిలో పక్కన కూచున్న సాయిబుగారు అడుగుతాడు. దూదేకులోళ్ళమని చెబితే ఊరుకోరు. రెండో ప్రశ్న వస్తుంది. "అంటే మీరు ఇటా, అటా?"

ఇటూ అటూ మధ్య గోడ కట్టింది మేం కాదు. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు. తండ్రిని నాయనా అంటాం, అబ్బా అనం. నమాజు అరబ్బీలో చదువుతాం. మధ్యలో ఉండాల్సిన ఉర్దూ మాకు రాదు. ఉర్దూ రాని తురకను ఉర్దూ వచ్చిన తురక చూసే చూపు మాకు చిన్నప్పట్నించీ తెలుసు. ఎంత చక్కటి తెలుగు మాట్లాడినా తురకను తురకగానే చూసే చూపూ తెలుసు. కాగితాల మీద మేం 1970 నుంచి బీసీ-బి. 2007లో ముస్లింలలోని మరికొన్ని వెనుకబడిన కులాలకు బీసీ-ఇ వచ్చింది. అప్పట్నించీ సర్టిఫికెట్టుకు పోయినప్పుడల్లా కొత్త తిప్పలు. పేరు ముందు షేక్ అని ఉంటే 'ఇ'కి పొమ్మంటారు. దూదేకుల అని ఉంటే "ఇంతకీ మీరు ముస్లింలేనా?" అంటారు.

అస్తిత్వం గురించి రాయమంటే గిటారు గురించి రాస్తున్నారేమిటని చదివేవాళ్ళు అనుకోవచ్చు. మా అస్తిత్వం మేం కూచుని ఆలోచిస్తే దొరికింది కాదు. చేత్తో పని చేస్తుంటే అడ్డం వచ్చింది. అందుకే పని సంగతి ముందు చెబుతాం. ఈ వ్యాసంలో 'మేము' అంటే ఇద్దరన్నదమ్ములం, మా నాయన, మా పెద్దొదిన. ఒక్కోచోట మా వాళ్ళందరమూ.

మా తాత చేతిలో విల్లు ఉండేది. మనిషి పొడుగు కర్ర, దానికొక కొసన వెడల్పాటి చెక్క, ఈ కొస నుంచి ఆ కొసకు బిగించి కట్టిన నరం. గొర్రె పేగుతో పేనిన నరం. ఆ విల్లును దూలానికి తాడుతో వేలాడదీసి, ఎడమచేత్తో పట్టుకుని, రెండు పక్కలా గుబ్బలున్న కర్రతో నరాన్ని లాగి వదిలేవాడు. ధుమ్మ్ అని మోగేది. ఆ అదురుకి అణిగిపోయిన పాత దూది పోగు పోగుగా విడిపోయి లేచేది. గడ్డకట్టిన పరుపు ఒక పూటలో కొత్త పరుపయ్యేది. పల్నాడులో మా ఊరికి వచ్చిన కొత్త మనిషి ఆ మోత పట్టుకుని మా ఇల్లు వెతుక్కోగలిగేవాడు.

ఆ మోతకే మా పేరు పెట్టారు. తెలుగులో దూదేకుల. పింజెలు చేసేవాళ్ళం కాబట్టి పింజారి. అరబ్బీలో దూదేకేవాడు నద్దాఫ్, అది మన నోళ్ళలో లద్దాఫ్ అయింది. అదే అరబ్బీలో ఇంకో మాట హల్లాజ్. 922లో బాగ్దాదులో ఉరికంబమెక్కిన సూఫీ మన్సూర్ అల్ హల్లాజ్ పేరులోని హల్లాజ్ అంటే దూదేకులవాడనే. ఉత్తరాదిన మా పనివాళ్ళు ఆయన పేరు మీదే మన్సూరీలమని చెప్పుకుంటారు. మా ఊళ్ళో మాత్రం పింజారి అనేది తిట్టు. పిల్లల మీద కోపమొస్తే "పింజారి వెధవా" అంటారు. పనిచేసి బతికే కులాల పేర్లన్నీ ఈ దేశంలో ఎప్పుడో ఒకప్పుడు తిట్లయ్యాయి. మాదీ అంతే.

తాత దగ్గుతో పోయాడు. నలభై ఏళ్ళు దూది ధూళి పీల్చిన ఊపిరితిత్తులు ఎన్నాళ్ళు నిలుస్తాయి? ఆయన పోయేనాటికే దూదేకే మిషను వచ్చింది. తర్వాత స్పాంజి పరుపులు వచ్చాయి. విల్లు అటక మీదికెక్కింది. నాయన విశ్వబ్రాహ్మణుల దగ్గర కూలికిపోయి వడ్రంగం నేర్చుకున్నాడు. మంచాలు, తలుపులు, బల్లలు, మేం పుట్టేనాటికి ఇంటి వసారా ఆయన పనిచేసే చోటయింది. మేమూ అక్కడే రంపం పట్టాం.

2019 క్రిస్మసు ముందర క్రైస్తవపేట నుంచి ఒక కుర్రాడు విరిగిన గిటారు తీసుకొచ్చాడు. మా ఊళ్ళో గిటారు గుడిది కాదు, మసీదుది కాదు, చర్చిది. గుడికి మేళం, పీర్లకు డప్పు, చర్చికి గిటారు. ఫ్యాక్టరీలో చేసిన చవక గిటారది. తీగల లాగుడుకి బ్రిడ్జి ఊడి, పై పలక ఉబ్బిపోయింది. అతికించి ఇచ్చాం. రెండు నెలలకు మళ్ళీ ఊడింది. లోపల చూస్తే ప్లైవుడ్. పొరల మధ్య బంక చచ్చిపోయింది. "దీన్ని బాగుచేసే బదులు కొత్తది చెయ్యొచ్చు" అని నాయన ఊరికే అన్నాడు. "చెయ్యండి మరి" అన్నాడు కుర్రాడు. అలా మొదలయింది.

పాతదాన్ని విప్పి కొలతలు రాసుకున్నాం. గిటారు లోపల మనిషి ఒంట్లో ఉన్నట్టే ఎముకలుంటాయి. పై పలక కింద సన్నటి పట్టీలు అతికిస్తారు. ఇప్పుడు నైలాను తీగల గిటార్లకు ఎక్కువగా వాడే పద్ధతిని, విసనకర్ర పుల్లల్లా పరుచుకున్న ఏడు పట్టీలను, స్పెయిన్‌లో ఒక వడ్రంగి స్థిరపరిచాడు. ఆయన పేరు ఆంటోనియో దె తోరెస్. 1817లో అల్మేరియా దగ్గర పుట్టి 1892లో పోయాడు. పన్నెండేళ్ళకే వడ్రంగంలో చేరిన మనిషి. గిటారు గొంతు పై పలకలోనే ఉందని నిరూపించడానికి 1862లో ఆయన వెనకభాగాన్నీ పక్కల్నీ కాగితపు గుజ్జుతో చేసి, పై పలకొక్కటే మంచి చెక్కతో చేశాడు. అది పలికింది. ఇది చదివాక మాకు ధైర్యమొచ్చింది. డబ్బున్నవాళ్ళ చెక్క లేకపోయినా పలికించొచ్చన్నమాట.

పై పలకకు స్ప్రూసు చెక్క కావాలి. మన దగ్గర ఎక్కడ దొరుకుతుంది? దొరికింది. స్పిన్నింగు మిల్లుకు విదేశాల నుంచి యంత్రాలు వచ్చిన పెట్టెల్ని పాత సామాను కొట్లో అమ్ముతున్నారు. కట్టెలకని కొనుక్కుపోతున్నారు. ఒక పూటంతా వెతికి, గీతలు నిటారుగా, దగ్గరదగ్గరగా, అంగుళానికి పన్నెండు పదిహేను చొప్పున ఉన్న బద్దల్ని ఏరుకున్నాం. వెడల్పు చాలదు కాబట్టి నాలుగు ముక్కలు జతచేశాం. తాత విల్లును అటకెక్కించిన యంత్రాలు ఏ పెట్టెలో దిగాయో ఆ పెట్టెతోనే మళ్ళీ నరం మోగించబోతున్నామని నాయన నవ్వాడు. ఆయన అంతగా నవ్వడం అరుదు.

వెనకకూ పక్కలకూ ఇరుగుడు. జిట్రేగి అనీ అంటారు. ఎవరిదో పాత పందిరిమంచం పలకలు. లోకంలో గిటారు చేసే ప్రతివాడికీ మన ఇరుగుడు తెలుసు, ఇండియన్ రోజ్‌వుడ్ అంటారు. బ్రెజిల్ రోజ్‌వుడ్ తరిగిపోయి, 1992లో దాని అంతర్జాతీయ వ్యాపారం నిషేధించేనాటికి మనదే దాని చోటు తీసుకుంది. 2017 జనవరి నుంచి ఈ జాతి చెక్కలన్నిటికీ దేశం దాటాలంటే కాగితాలు కావాలన్నారు. 2019 నవంబరు ఆఖర్లో తయారైన వాయిద్యాలకు ఆ బాధ తప్పించారు. చెక్కకు కాగితాల బాధ తప్పి నెల తిరక్కముందే, డిసెంబరులో, పౌరసత్వ చట్టానికి సవరణ వచ్చింది. మా అమ్మ పాత ట్రంకుపెట్టె తెరిచి కాగితాలు వెతకడం మొదలుపెట్టింది. తాత పుట్టిన తేదీ ఏ కాగితంలోనూ లేదు. ఆయన ఏకిన పరుపులు మాత్రం ఊరినిండా ఉన్నాయి.

గిటారు మెడకు గుమ్మడిటేకు వాడాం. తేలిక, వంకరపోదు. మెట్ల పలకకు మళ్ళీ ఇరుగుడే. గిటారు మెట్లకు ఒక లెక్కుంది. తీగ పొడుగు 650 మిల్లీమీటర్లనుకుంటే, దాన్ని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు ఎక్కడో వస్తుంది. ముప్ఫయ్యారున్నర మిల్లీమీటర్ల దగ్గర. మిగిలిన పొడుగును మళ్ళీ అదే అంకెతో భాగిస్తే రెండోది. అలా పోతే పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 325 దగ్గర పడుతుంది. అక్కడ అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. పదో తరగతితో ఆపేసిన మా తమ్ముడు ఈ లెక్క తప్పులేకుండా వేశాడు. లెక్కలు మా వాళ్ళకు రావని బడిలో ఎవరు చెప్పారో గుర్తులేదు గానీ చెప్పారు.

ఇక్కడిదాకా వచ్చాక 2020 మార్చి వచ్చింది.

ఇరవై ఐదున లాక్‌డౌన్. మంచాల పని ఆగిపోయింది. అది అందరికీ ఆగింది. మాకు ఇంకోటి కూడా ఆగింది. నిజాముద్దీన్ మర్కజ్ వార్తలు టీవీల్లో మొదలయ్యాయి. పొద్దున్నించీ రాత్రిదాకా అవే బొమ్మలు, అవే అరుపులు. రోగానికి టోపీ పెట్టారు, గడ్డం పెట్టారు. వారం తిరక్కుండా మాకు పాలు పోసే మనిషి రావడం మానేశాడు. కూరగాయల బండి మా వీధి మలుపులోనే వెనక్కి తిరిగింది. బోరింగు దగ్గర మా ఒదినను బిందె పక్కన పెట్టమన్నారు. నిన్నటిదాకా మమ్మల్ని ఇటా అటా అని అడిగినవాళ్ళకు ఒక్కరోజులో జవాబు దొరికింది. ఏ మౌల్వీ సర్టిఫికెట్టూ లేకుండా మేం నికార్సయిన ముస్లింలమైపోయాం.

ఇందులో ఒక విచిత్రం చెప్పాలి. ఆ ఫిబ్రవరిలోనే పట్నం నుంచి జమాతుతో వచ్చిన ఒక పెద్దాయన మా వసారాలో గిటారు అచ్చు చూసి బాధపడ్డాడు. మంచివాడు, మెత్తగా మాట్లాడతాడు. "బేటా, ఇది మన పని కాదు. మంచాలు చేసుకోండి, బర్కత్ ఉంటుంది" అన్నాడు. వాయిద్యాల మీద మతంలో ఉన్న అభ్యంతరాలు చెప్పాడు. మేం ఎదురుచెప్పాం. చిష్తీ దర్గాల్లో ఖవ్వాలీ వందల ఏళ్ళనించీ పాడుతున్నారు కదా, ఈ వాదన మనతో మొదలయిందీ కాదు, మనతో తేలేదీ కాదు అన్నాం. ఆయన ఒప్పుకోలేదు. తెలుగు చదివే నమాజీలంటే ఆయనకు కొంచెం జాలి కూడా ఉంది. మార్చి ఆఖరుకు ఆయన్ను క్వారంటైనుకు తీసుకుపోయారు. రోగం లేదని తేలినా ఆయన ఫొటో ఫోన్లలో తిరిగింది. మాకు గిటారు వద్దన్న మనిషి కోసం మేం ఊళ్ళో నలుగురితో గొడవపడ్డాం. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, విదేశీ తబ్లీగీల మీద పెట్టిన కేసులు కొట్టేస్తూ, వాళ్ళను బలిపశువుల్ని చేశారని చెప్పింది. ఆ తీర్పు మా వీధి మలుపుదాకా రాలేదు. కూరగాయల బండి వచ్చింది, అది వేరే సంగతి.

లౌకిక మిత్రులకు ఇక్కడ ఒక మాట. ఇలాంటి రోజులొచ్చినప్పుడల్లా మీరు మా పక్కన నిలబడతారు, కాదనం. కానీ నిలబడి ఏం మాట్లాడతారు? షేక్ చినమౌలానా పేరు చెబుతారు. నిజమే, ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వరంతో 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి అందుకున్న మహావిద్వాంసుడు. ఆయన పేరు వింటే మా ఛాతీ కూడా ఉబ్బుతుంది. కాళీషాబీ, మహబూబ్ సుబానీ దంపతులకు 2020లో పద్మశ్రీ వస్తే మా ఇంట్లో మిఠాయి పంచుకున్నాం. అయితే మీ మాటల్లో ఒక మెలిక ఉంది. గుడి ముందు మేళం వాయించే తురక మంచి తురక. మరి వాయించని తురకో? గడ్డం పెంచి ఐదుపూటలా నమాజు చదివి, సంగీతం వద్దనే ఆ పెద్దాయన సంగతేమిటి? ఆయనకు బిందె పక్కన పెట్టకుండా నీళ్ళు పట్టుకునే హక్కు లేదా? మాకు గౌరవం రావాలంటే ముందు మీకు పాట వినిపించాలా? గిటారు చేసే మేమే ఈ మాట అడుగుతున్నాం కాబట్టి కాస్త ఆలోచించండి.

పని ఆగలేదు. చేతికి ఇంకే పనీ లేదు కాబట్టి వేసవంతా గిటారే. పక్క పలకల్ని రెండు మిల్లీమీటర్లకు చిత్రిక పట్టి నీళ్ళలో నానబెట్టాం. పాత నీళ్ళగొట్టంలో నిప్పులు పోసి, కాలిన గొట్టానికి చెక్కను ఆనించి మెల్లగా వంచాలి. తొందరపడితే చెక్క తిరగబడుతుంది. వేడికి చెక్క ఒక్క క్షణం మెత్తబడుతుంది, చేతికి తెలుస్తుంది. అప్పుడే నడుము తిప్పాలి. ఇరుగుడు కాలుతుంటే గులాబీ వాసన వేస్తుంది. ఆ రోజుల్లో మా వసారాలో మంచి వాసన అదొక్కటే.

బిగించడానికి కొనుక్కున్న క్లాంపులు లేవు. సైకిలు ట్యూబు పట్టీలుగా కోసి చుట్టాం. బంక మామూలు ఫెవికాల్ కాదు, పాతకాలపు సరేసు. తోలూ ఎముకా ఉడికించి తీసేది. వేడి చేస్తే కరుగుతుంది, చల్లారితే రాయి. రేపు ఎవరైనా బాగుచెయ్యాలంటే వేడి తగిలించి విప్పుకోవచ్చు. విప్పడానికి వీలుగా అతికించడమే మంచి పనితనమని నాయన అంటాడు.

పై పలకను రెండున్నర మిల్లీమీటర్లకు తెచ్చాక కొలబద్ద పక్కన పెట్టేశాం. ఇక చెవే కొలత. పలకను రెండు వేళ్ళతో వేలాడదీసి, వేలి గణుపుతో తట్టాలి. మందంగా ఉంటే టక్కుమంటుంది. తీస్తూపోతే ఒకచోట లోపల్నించి మోగుతుంది. ఇంకా తీస్తే డొల్ల శబ్దం. మోగిన చోట ఆపాలి. మాలో ఈ పని నాయనకే అప్పజెప్పాం. చిన్నప్పుడు తాత విల్లు కింద పడుకుని నిద్రపోయిన చెవులవి. నరం ఎంత బిగిస్తే దూది బాగా విడుతుందో ఆ మోత విని చెప్పేవాడట.

చిల్లు చుట్టూ ఒక అలంకారం ఉంటుంది. అది ఒదిన చేసింది. ఆమె బొంతలు కుడుతుంది. తెల్లటి అంకుడు ముక్కలు, టేకు ముక్కలు మినపగింజంత చిన్నవి కోసి, బొంత అంచులో వేసే పలకల వరసనే చిల్లు చుట్టూ పరిచింది. తీగలు ఆనే రెండు చోట్లా ఎముక కావాలి. కసాయి కొట్లో గేదె కాలి ఎముక తెచ్చి, సబ్బునీళ్ళలో ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆకురాయితో అరగదీశాం. ప్రపంచంలో చాలా మంచి గిటార్లకు పశువు ఎముకే వాడతారు. ఆ ఎముక ఏ జంతువుదని వాళ్ళనెవరూ అడగరు.

జూలై వానల్లో పెట్టె మూయకూడదు. తేమ మీద మూసిన చెక్క ఎండాకాలంలో ముడుచుకుని చీలుతుంది. చెక్కలన్నిటినీ బీరువాలో పెట్టి, నలభై వాట్ల బల్బు రాత్రింబవళ్ళు వెలిగించి, ఆరినాక మూశాం. లక్కను స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో రుద్దిన పాలిష్. తీగలు కట్టేముందు నాయన ఒక కోరిక కోరాడు. నైలాను తీగలు రాకముందు, 1940ల దాకా ఈ గిటార్లకు గొర్రె పేగు తీగలే కట్టేవారని మేం చదివి చెప్పాం. ఆయన వెళ్ళి పేగు తెచ్చాడు. గీకి, కడిగి, బూడిద నీళ్ళలో నానబెట్టి, తడిమీద పేని, బరువు కట్టి ఎండబెట్టాడు. తాత దగ్గర నేర్చుకున్న పనే. విల్లు నరం కంటే చాలా సన్నగా, మిల్లీమీటరు మందాన. మూడో తీగ ఒక్కటే అది, మిగతా ఐదూ నైలానువి. ఆరు తీగలూ బిగిస్తే ఆ పల్చటి పలక మీద నలభై కిలోల లాగుడు పడుతుంది. పలక కదల్లేదు. నాయన మూడో తీగను బొటనవేలితో లాగి వదిలాడు. తర్వాత లేచి పెరట్లోకి పోయాడు. మేం వెనకాల పోలేదు.

గిటారు ఎవరిదని అడిగితే చాలామంది తెల్లవాళ్ళదంటారు. ఎలక్షను మీటింగుల భాషలో చెప్పాలంటే పరాయిది. దాని కథ అంత తేలిక కాదు. అరబ్బులూ బెర్బర్లూ 711లో స్పెయిన్‌లో దిగారు. వాళ్ళతో ఊద్ అనే తంత్రీవాద్యం వచ్చింది. అల్ ఊద్ అంటే చెక్క. యూరపు వాళ్ళ ల్యూట్ ఆ మాటలోంచి పుట్టిందే. మన పీర్లచావిట్లో వేసే ఊదూ, గుళ్ళో వెలిగించే ఊదుబత్తీ అదే మాట, సువాసన చెక్క కాబట్టి. బాగ్దాదు నుంచి వెళ్ళి 822లో కార్డోబా చేరిన జిర్యాబ్ అనే గాయకుడు ఊద్‌కు ఐదో తీగ కలిపాడని చెబుతారు. అలాగని గిటారు మాదేనని మేం దండోరా వెయ్యడం లేదు. పద్నాలుగో శతాబ్దపు స్పెయిన్‌లో రెండు గిటార్లుండేవి, ఒకదాన్ని మూర్ల గిటారనీ రెండోదాన్ని లాటిన్ గిటారనీ పిలిచేవారు. ఇప్పటి గిటారులో ఏది ఎంతుందో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. గిటారనే మాట కూడా గ్రీకుల కితారా నుంచి అరబ్బుల కీతారాగా తిరిగింది. ఇటా అటా అని అడిగితే గిటారు దగ్గరా జవాబు లేదు.

మాకు నిద్రపట్టనివ్వనిది ఆ తర్వాతి కథ. 1492లో గ్రెనడా పడిపోయింది. మిగిలిన ముస్లింలను మతం మారమన్నారు. మారారు. అయినా నమ్మలేదు. 1567లో రెండో ఫిలిప్ రాజు ఉత్తర్వు వేశాడు. అరబ్బీ మాట్లాడకూడదు, ఆ బట్టలు కట్టకూడదు, ఆ పాటలాటలు కూడదు, ఆ పేర్లు పెట్టుకోకూడదు. 1609 నుంచి 1614 వరకు ఓడలెక్కించి దేశం దాటించారు. మనుషులు పోయారు. వాళ్ళ వడ్రంగం పైకప్పుల్లో మిగిలింది, వాళ్ళ మాటలు ఊళ్ళ పేర్లలో మిగిలాయి. తోరెస్ పుట్టిన అల్మేరియా అరబ్బీ మాటే. పని మిగిలి పేరు పోవడమంటే ఏమిటో మాకు స్పెయిన్ చెప్పింది. ఎందుకంటే సరిగ్గా అప్పుడే మా ముందుకూ పేరు సంగతి వచ్చింది.

గిటారు చిల్లులోంచి చూస్తే లోపల ఒక చీటీ కనబడుతుంది. చేసినవాడి పేరు, ఊరు, సంవత్సరం. అది ఆచారం. బిరడాలు కొనడానికి పోయినప్పుడు పట్నంలో ఒక వాయిద్యాల కొట్టు యజమానికి గిటారు చూపించాం. వాయించి చూసి, మెచ్చుకున్నాడు. ఆరు చేసివ్వమన్నాడు. ధర కూడా చెప్పాడు, మాకు ఆరు నెలల మంచాల పని అంత. చివర్న నెమ్మదిగా అన్నాడు. "లోపల పేరొద్దు. రోజులు బాగాలేవు కదా. లేదంటే ఏదైనా మామూలు పేరు వేద్దాం." ఆయన చెడ్డవాడు కాదు, మాకు టీ తాగించాడు. మామూలు పేరు అంటే ఏమిటో విప్పి చెప్పలేదు. మేమూ అడగలేదు. ఈ దేశంలో మామూలు పేరంటే ఏమిటో మాకు విప్పి చెప్పాల్సిన పనిలేదు.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద చర్చ. తమ్ముడు పేరే వద్దన్నాడు. "తాత ఏకిన పరుపు మీద పేరుందా? పని మాట్లాడుతుంది" అన్నాడు. పెద్దవాడు షేక్ అని వేద్దామన్నాడు. తెలిసేట్టు వేద్దామన్నాడు. నాయన తన తండ్రి పేరు వెయ్యమన్నాడు. ఒదిన అప్పటిదాకా మాట్లాడలేదు. "షేక్ అని వేస్తే మనల్ని షేకులు ఒప్పుకుంటారా? తాత పేరు వేస్తే ఆయనెవరో ఎవరికి తెలుసు? పింజారోళ్ళని తిట్టిన ఊరు ఇదేగా. అదే పేరు వెయ్యండి. దూదేకుల. చెక్కలో ఉంటే తిట్టని ఎవరనుకుంటారు?" అంది. ఆరు గిటార్ల డబ్బు సంగతేమిటని తమ్ముడు అడిగాడు. "దూదేకే మిషను వచ్చిననాడూ బతికాంగా" అంది.

తమ్ముడి మాట తీసెయ్యదగింది కాదు. అప్పు ఉంది, ఇద్దరు పిల్లల ఫీజులున్నాయి. పేరు లేకుండా బతకడం తప్పని చెప్పే హక్కు ఎవరికీ లేదు. అద్దె ఇంటి కోసం, ఉద్యోగం కోసం పేరు సగం మింగేసే మా వాళ్ళను మేం తప్పుపట్టం. మింగించేవాళ్ళనే అడగాలి. కానీ ఆ గిటారు కడుపులో నాయన చెవి ఉంది, తాత నరం ఉంది, ఒదిన బొంత ఉంది. దాని మీద మామూలు పేరు వేస్తే అవన్నీ ఎవరివవుతాయి? తెల్లారేసరికి తమ్ముడే కాగితం కోసి తెచ్చాడు. తెలుగులోనే రాశాం. 'దూదేకుల వారి ఇల్లు, పల్నాడు, 2020.' చిల్లులోంచి చెయ్యి పెట్టి, సరేసు రాసి అతికించాం.

పట్నం కొట్టుకు మా చీటీ సంగతి చెప్పాం. ఆరు గిటార్ల మాట మళ్ళీ రాలేదు. 2020 క్రిస్మసుకు మొదటి గిటారు చర్చిలో మోగింది. మమ్మల్ని పిలిచారు, వెళ్ళి వెనక బెంచీలో కూచున్నాం. నాయనకు పాటలో మాటలు పట్టలేదు, మూడో తీగ ఎప్పుడు పలికిందో మాత్రం పట్టుకున్నాడు. పాస్టరుగారు అందరిముందూ చేసినవాళ్ళ పేరు చదివాడు. దూదేకుల అని. చర్చిలో ఎవరూ నవ్వలేదు. ఆ పేటవాళ్ళకూ ఊళ్ళో తిట్టుగా వాడే పేరొకటుంది, వాళ్ళకు ఆ బరువు తెలుసు.

ఒక గిటారుతో ఊరు మారిపోయిందని రాస్తే అబద్ధం. పాలు పోసే మనిషి తిరిగొచ్చాడు, ఎందుకు మానేశాడో చెప్పలేదు. జమాతు పెద్దాయన ఫోను చేస్తుంటాడు, పిల్లల చదువులు అడుగుతాడు, గిటారు మాట ఎత్తడు. సర్టిఫికెట్టు కిటికీ దగ్గర ఇప్పటికీ అదే ప్రశ్న. మంచాలూ తలుపులే మాకు అన్నం పెడుతున్నాయి. మధ్యలో తీరిక చేసుకుని ఇప్పటికి నాలుగు గిటార్లు చేశాం. రెండు చర్చీలకు పోయాయి, ఒకటి కాలేజీ పిల్లవాడికి, ఒకటి నేర్చుకుంటున్న ఒక ఆడపిల్లకు. నాలుగింటి లోపలా అదే చీటీ. ఐదోదానికి చెక్క బీరువాలో ఆరుతోంది. కొనేదెవరో ఇంకా తెలియదు. చీటీ మాత్రం రాసిపెట్టుకున్నాం.